ఇంగ్లీషువాళ్ళు ఓడిపోయే తరగతి

బందరులో ఏ కుర్రాడినైనా ఎక్కడుంటావని అడిగితే సగం చరిత్ర వాడి నోటివెంటే వస్తుంది. ఒకడు పరాసుపేట అంటాడు, ఇంకొకడు వలందపాలెం అంటాడు, మరొకడు ఇంగ్లీషుపాలెం అంటాడు. పరాసులంటే ఫ్రెంచివాళ్ళనీ, వలందులంటే డచ్చివాళ్ళనీ ఆ పేటల్లోనే పుట్టి పెరిగిన మాకు తెలియదు. మాకు తెలిసిన పరాసుపేటలో సైకిలు షాపు, పిండిమర, ఎవరో ఒకరి మేనత్తగారి ఇల్లు ఉండేవి. ఫ్రెంచివాళ్ళెందుకుంటారు?

ఆ సంగతి మొదట చెప్పినవారు మా చరిత్ర మాస్టారు. యాభైల నడిమి సంవత్సరాల్లో, మేము ఫిఫ్త్ ఫారంలో ఉండగా ఆయన మా స్కూలుకి కొత్తగా వచ్చారు. దివిసీమ మనిషి. సన్నగా, కొంచెం ముందుకి వంగి, మోచేతుల దాకా చొక్కా మడుచుకుని ఉండేవారు. నవ్వు వస్తే ఆపుకోలేకపోయేవారు. మొదటి రోజు పుస్తకం తెరవనే లేదు.

"పరాసుపేట వాళ్ళు లేవండి."

నలుగురైదుగురు లేచారు.

"ఈ రోజు నించీ మీరు ఫ్రెంచివాళ్ళు."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు చెయ్యెత్తాడు.

"మాది బాపట్లండి మాస్టారూ. పరాసుపేటలో అద్దెకుంటున్నామండి."

"వాళ్ళూ అద్దెకే వచ్చారు. కూర్చో."

వలందపాలెం పిల్లలు డచ్చివాళ్ళయ్యారు. ఇంగ్లీషుపాలెం నుంచి మా తరగతిలో ఒక్కడే ఉన్నాడు. వాడిది అసలు గుడివాడ వైపు పల్లెటూరు, మేనమామ గారింట్లో ఉండి చదువుకునేవాడు. వాళ్ళ నాన్న సంతల్లో ఎద్దుల బేరాలు కుదిర్చే మనిషి. అలా ఇంగ్లీషు కంపెనీ మొత్తం ఆ గుడివాడ కుర్రాడి నెత్తిన పడింది. మా వీధికి ఏ దొర పేరూ లేకపోవడంతో నన్ను దుబాసీని చేశారు. దొర మాట నేతగాడికి, నేతగాడి మాట దొరకి చెప్పడం నా పని.

నేతగాళ్ళు ముగ్గురు. ముగ్గురూ పెడన నుంచి పొద్దుటి రైల్లో వచ్చేవాళ్ళు. ఇద్దరివి మగ్గాల ఇళ్ళు, మూడోవాడిది అద్దకం ఇల్లు. అద్దకం ఇంటివాడి గోళ్ళ అంచుల్లో ఎరుపు రంగు ఎంత తోమినా పోయేది కాదు. వాళ్ళని వేరే వేషం వేసుకోమంటే ఒప్పుకోలేదు.

ఆట చాలా సులువు. నేతగాళ్ళ దగ్గర మడతపెట్టిన కాగితాలుంటాయి, అవి గుడ్డలు. కంపెనీల వాళ్ళ దగ్గర చింతపిక్కలుంటాయి, అవి డబ్బులు. మూడు కంపెనీలూ వంతులవారీగా వచ్చి బేరమాడాలి. ఎవరి దగ్గర బయానా పుచ్చుకుంటే గుడ్డ వాళ్ళకే ఇవ్వాలి, ఇక మరొకరికి అమ్మకూడదు. గంట కొట్టేసరికి గుడ్డలన్నీ ఎవరి దగ్గరుంటే బందరు వాళ్ళది.

మొదటి వారం ఆ గోలకి పక్క తరగతి లెక్కల మాస్టారు చాక్‌పీసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశారు.

"ఏమండీ, ఇది క్లాసా, చేపల బజారా? అవతల నేను ఆల్జీబ్రా చెబుతున్నాను!"

మా మాస్టారు క్షమించమని రెండు చేతులూ జోడించారు. ఆయన వెళ్ళాక మావైపు తిరిగి, చప్పుడు కాకుండా బేరమాడే మార్గమేదైనా ఉందా అని అడిగారు. గుడివాడ కుర్రాడు లేచాడు.

"ఉందండి. మా నాన్న ఆడతాడండి."

భుజం మీద తువ్వాలు వేసుకొచ్చే అలవాటు వాడికి ఎక్కడిదో అప్పుడు తెలిసింది. పెడనవాడి చెయ్యి పట్టుకుని దానిమీద ఆ తువ్వాలు కప్పాడు. లోపల వేళ్ళు కదులుతున్నాయి. ఇన్ని వేళ్ళు పట్టుకుంటే ఇంత, అరచేతిలో గీకితే సగం, వేలు మడిస్తే కుదరదని. సంతలో ఎద్దు ఖరీదు కొనేవాడికీ అమ్మేవాడికీ తప్ప పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు. మాస్టారు ఆ తువ్వాలు పైకెత్తి ఒకసారి, కప్పి ఒకసారి చూసి పకపకా నవ్వారు. ఆనాటి నుంచి మా తరగతిలో వ్యాపారమంతా తువ్వాలు కిందే. దుబాసీగా నాకు మిగిలిన పని, దొర మొహం చూసి ఆయన మంచివాడని చెప్పడం.

అంతా బాగానే ఉంది గాని ఒక్కటే చిక్కు. ప్రతిసారీ ఇంగ్లీషువాళ్ళు ఓడిపోయేవాళ్ళు.

పెడన వాళ్ళు ముగ్గురూ ఎప్పుడూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. రైల్లో పక్కపక్కనే కూర్చొచ్చి, క్లాసులోనూ అలాగే కూర్చునేవాళ్ళు. ఒకడి చెయ్యి తువ్వాలు కింద ఉంటే, రెండో చేత్తో పక్కవాడి తొడ గిల్లేవాడు. కంపెనీ ఎంత ఇస్తానందో ఆ గిల్లుడుతోనే ముగ్గురికీ తెలిసిపోయేది. తలలు దగ్గర పెట్టి గుసగుసలాడి, వేలు మడిచేవాళ్ళు. ఆపైన ఫ్రెంచివాళ్ళని పిలిచి, డచ్చివాళ్ళని పిలిచి, ఒకళ్ళ మీద ఒకళ్ళని ఎగదోసేవాళ్ళు. గంట కొట్టేసరికి మా ఇంగ్లీషు దొర ఖాళీ తువ్వాలు దులుపుకుని ఓడెక్కేవాడు.

మాస్టారు పుస్తకంలో ఉన్నట్టు నడిపించాలని ఎంతో ప్రయత్నించారు. ఒకసారి తుఫాను తెప్పించారు.

"సముద్రం పొంగింది. మగ్గం గుంటల్లోకి నీళ్ళొచ్చాయి. ఇప్పుడేం చేస్తారు?"

"రాత్రే గాలి మారిందండి," అన్నాడు పెడన వాళ్ళలో పొడుగువాడు. "మగ్గం మీది పడుగు నూలు చుట్టేసి అటక మీద పెట్టామండి."

ఇంకోసారి కరువు తెప్పించారు.

"ఉయ్యూరులో మా మావయ్యున్నాడండి," అన్నాడు పొట్టివాడు. "బియ్యం బస్తా బండిమీద పంపిస్తాడు."

"ఒరేయ్, అది రెండొందల ఏళ్ళ కిందటి సంగతిరా!"

"అప్పుడూ ఎవరో ఒక మావయ్య ఉండే ఉంటాడు కదండీ."

తరగతంతా గొల్లుమంది. మాస్టారు బల్లకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నారు. కరువు ఆ విధంగా దాటిపోయింది.

డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలయ్యాయి. బందరులో ఇంగ్లీషువారి వర్తకం గురించి వ్రాయుమని ఒక ప్రశ్న వచ్చింది. మావాళ్ళు చాలామంది కళ్ళారా చూసిందే రాశారు. ఇంగ్లీషువారు బందరులో గుడ్డలు దొరకక, బేరము పొసగక, ఓడ ఎక్కి స్వదేశమునకు వెళ్ళిపోయిరి. కొందరు ఇంకొంచెం ముందుకి వెళ్ళి ఆ ఓడ మునిగిపోయిందని కూడా రాశారు.

ఒకరోజు హెడ్మాస్టరు గారి గదిలో ఉన్న పటం తెమ్మని జాగ్రఫీ మాస్టారు నన్ను పంపితే, నేను గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి లోపల మా మాస్టారు నిలబడి ఉన్నారు. హెడ్మాస్టరు గారు పెద్ద మనిషి, కోపం కూడా మర్యాదగానే పడేవారు.

"ఏమండీ, మీ పిల్లలు ఇంగ్లీషువాళ్ళని ఓడెక్కించి పంపేశారటగా?"

"ఆటలో అలా అయిందండి."

"ఆటలో అయితే సరే. పరీక్షలో కూడా అయింది."

"అదేమిటండీ, స్వరాజ్యం వచ్చాక కూడా ఇంగ్లీషువాళ్ళనే గెలిపించమంటారు మీరు!"

"నేను కాదయ్యా, సిలబసు!" అన్నారు హెడ్మాస్టరు గారు. ఆపైన గొంతు తగ్గించారు. "చూడండి. జనవరిలో ఇన్‌స్పెక్షనుంది. ఇన్‌స్పెక్టరు గారు ప్రతి మాస్టారి పాఠమూ చూస్తారు. ఆయన ముందు బందరు సంగతి జరిగింది జరిగినట్టు రావాలి. రాకపోతే ఆ తువ్వాలు తెచ్చి నా బల్లమీద పెట్టెయ్యండి. అందరిలాగే పుస్తకం చదివి పాఠం చెప్పండి."

"మీరోడిపోండర్రా అని నేను చెప్పనండి. చెబితే అది నాటకం. వాళ్ళేం నేర్చుకోరు."

"మరి?"

మాస్టారు తలొంచుకుని ఆలోచించారు. "అలాగే కానివ్వండి. ఆరోజూ తప్పొస్తే నేనే ఆట మానేస్తాను."

నేను పటం మరిచిపోయి పరిగెత్తుకొచ్చి అందరికీ చెప్పేశాను. పెడన వాళ్ళు ఇరకాటంలో పడ్డారు. మాస్టారి కోసం ఓడిపోదామని పొట్టివాడు, ఊరికే ఎలా ఓడిపోతాం, ఆయనకే తెలిసిపోతుంది కదా అని పొడుగువాడు. అద్దకం ఇంటివాడు గోళ్ళు చూసుకుంటూ, "మా తాత వింటే ఇంట్లోకి రానివ్వడు" అన్నాడు. చివరికి ఎటూ తేలలేదు.

క్రిస్మస్ సెలవులకి మాస్టారు తన ఊరు వెళ్తూ, చూస్తావా అంటే మా ఇంట్లో అడిగి నేనూ బయల్దేరాను. బస్సు దిగి, రేవులో పడవ దాటి, ఆపైన కాలవ గట్టు మీద నడక. నాగాయలంక అవతల చిన్న పల్లె. వరికోతలయిపోయి కుప్పలేసి ఉన్నాయి. వాళ్ళ నాన్నగారు ఆ ఊరి చర్చిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి. అమ్మగారు నన్ను చూడగానే, "ఏం బాబూ, నువ్వూ ఆ ఆటలో దొరవేనా?" అంది.

"కాదండి, దుబాసీనండి."

"అయితే రెండు వైపులా తింటావు," అని రెండు అరిసెలు ఎక్కువ పెట్టింది.

పండగనాడు చర్చి ముందు ఖాళీ స్థలంలో పిల్లలు క్రీస్తు పుట్టుక నాటకం వేశారు. గొర్రెల కాపరులకి నిజం గొర్రెలే ఉన్నాయి. ఒక గొర్రె దూతగారి తెల్లచీర కొంగు నమిలేసింది. ఆ నవ్వుల్లో మాస్టారు నా చెవి దగ్గరికి వంగి, ఈ ఊళ్ళో పసి క్రీస్తుని చంపించబోయిన హేరోదు రాజు వేషానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదనీ, అందుకని ఉపదేశి కొడుకుగా అది ఏటా తనకే అంటగట్టేవారనీ చెప్పారు.

"మొదట్లో ఏడ్చేవాణ్ణి. మూడో ఏడో నాలుగో ఏడో, కిరీటం పెట్టుకుని కూర్చుంటే నిజంగా భయం వేసింది. ఎక్కడో పుట్టిన ఒక పసివాడు నా కుర్చీ లాగేస్తాడని. అంతకుముందు ఎన్నిసార్లు చదివానో బైబిల్లో ఆ అధ్యాయం. హేరోదుకి భయమేసిందని చదివాను గాని, ఆ భయమేమిటో అప్పుడే తెలిసింది."

తిరిగొచ్చేటప్పుడు పడవలో నేనే కదిపాను. "ఇన్‌స్పెక్షన్లో ఇంగ్లీషువాళ్ళు ఓడిపోతే నిజంగానే ఆట మానేస్తారాండీ?"

"మాటిచ్చాను కదురా."

"మాకు చెప్పకూడదా, ఎలా ఆడాలో?"

"నాకే తెలీదు," అన్నారాయన, నీళ్ళకేసి చూస్తూ. "పుస్తకంలో వాళ్ళు గెలిచారని ఉంది. ఎలా గెలిచారో చదివిన ప్రతిదీ చేసి చూశాను. మీ ముగ్గురు పెడన వాళ్ళూ సాగనివ్వడం లేదు. ఇంకేదో ఉంది. అది నాకు దొరకడం లేదు."

ఆయన మొహంలో దిగులు చూడటం అదే మొదలు.

ఇన్‌స్పెక్షను రోజు పొద్దున్నే హెడ్మాస్టరు గారు స్వయంగా మా తరగతికి వచ్చారు. బెంచీల వంక చూసి ఆయన కళ్ళు తిరిగినంత పనయింది. పొడుగువాళ్ళు ముందు, పొట్టివాళ్ళు వెనక, ఎవరి స్నేహితుల పక్కన వాళ్ళు.

"ఇదేమిటిది, రైలు పెట్టా? లేవండి అందరూ. ఎత్తుల ప్రకారం కూర్చోండి. పొట్టివాళ్ళు ముందుకి, పొడుగువాళ్ళు వెనక్కి."

అరగంట పట్టింది. గోడకి ఆనించి ఎత్తులు చూశారు. జుట్టు ఎగదువ్వుకుని పొడుగయినవాణ్ణి అణిచి మరీ కూర్చోబెట్టారు. అయ్యాక గుమ్మంలోంచి చూస్తే తలలన్నీ మెట్లు కట్టినట్టు వచ్చాయి. ఆయన ముచ్చటపడ్డారు.

"ఎవరూ మీ చోటు వదిలి లేవకూడదు. పక్కకి తిరక్కూడదు. ఆ వర్తకులెవరో వాళ్ళు మాత్రమే తిరగండి."

ఇన్‌స్పెక్టరు గారు మూడో పీరియడుకి వచ్చారు. స్థూలకాయం, పైన కోటు, చేతిలో గొడుగు. వెనక కుర్చీలో కూర్చుని, కానివ్వండి అన్నట్టు తలాడించారు. హెడ్మాస్టరు గారు గుమ్మంలో నిలబడ్డారు. మా మాస్టారు ఆటేమిటో రెండు మాటల్లో చెప్పి, గోడవారకి తప్పుకున్నారు. ఆయన చేతులు వెనక కట్టుకోవడం చూశాను.

గుడివాడ కుర్రాడు తువ్వాలు దులిపి లేచాడు. వాడి వెనక నేను. ముందు వరసలో ఉన్న పొట్టివాడి దగ్గరికి వెళ్ళాం. తువ్వాలు కప్పాడు. పొట్టివాడు అలవాటుగా ఎడం చెయ్యి పక్కకి చాచాడు. పక్కనున్నది వలందపాలెం వాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తిరగబోతే గుమ్మంలోంచి హెడ్మాస్టరు గారు కళ్ళెర్రజేశారు.

గుడివాడ కుర్రాడు రెండో చేత్తో తన పెదవుల మీద వేలు పెట్టుకుని, కన్ను గీటాడు. నీకొక్కడికే ఇంత ఎక్కువ, ఎవరితోనూ అనకు అన్నట్టు. సంతలో వాళ్ళ నాన్న అలాగే చేస్తాడట. పొట్టివాడు ఒక్క క్షణం ఆలోచించాడు. వాడి మొహం వికసించింది. చింతపిక్కలు పుచ్చుకుని, గుడ్డ మీద చెయ్యేసి సరే అన్నాడు.

నడిమి వరసలో అద్దకం ఇంటివాడి దగ్గరా అదే తువ్వాలు, అదే కన్ను గీటడం. చివరి వరసలో కిటికీ పక్కన పొడుగువాడు కొంచెంసేపు మెడ సాచి ముందుకి చూశాడు. మధ్యలో అన్నీ తలలే. వాడూ సరే అన్నాడు.

ఫ్రెంచివాళ్ళొచ్చారు. ముగ్గురూ తల అడ్డంగా ఊపారు, బయానా తీసుకున్నామని. డచ్చివాళ్ళొచ్చారు. అదే మాట. గుడివాడ కుర్రాడు తరగతంతా తిరిగి కాగితం గుడ్డలన్నీ పోగుచేసి బల్లమీద పెట్టాడు. వాడికే నమ్మకం కుదరలేదు. "మాస్టారూ, గెలిచానండీ!" అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

మాస్టారు గోడ దగ్గర నుంచి కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు గారు లేచి ముందుకొచ్చారు. "ఏమబ్బాయ్, నీకెంతకి కుదిరింది?" అని పొట్టివాణ్ణి అడిగారు.

పొట్టివాడు గర్వంగా చెప్పాడు. నడిమి వరసలోంచి అద్దకం ఇంటివాడు లేచాడు. "అదేంట్రా, నాకూ అంతే!" చివరి నుంచి పొడుగువాడు, "ఒరేయ్, నాక్కూడా అంతేరా! నాకొక్కడికే ఎక్కువన్నాడు గదరా!"

"నాతో కూడా అలాగే అన్నాడురా!"

"ఏరా దొరా, ఇటు రా!"

హెడ్మాస్టరు గారి ఎత్తుల వరస క్షణంలో చెదిరిపోయింది. ముగ్గురూ బల్ల దగ్గరికొచ్చి గుడివాడ కుర్రాడి చుట్టూ మూగారు. వాడు తువ్వాలు గుండెకి హత్తుకుని, "నేను అబద్ధమాడలేదండి. నోరే విప్పలేదు. కావాలంటే దుబాసీని అడగండి" అంటున్నాడు. ఇన్‌స్పెక్టరు గారి పొట్ట కోటులోపల కదలడం మొదలుపెట్టింది. ఆయన నవ్వుతున్నారని కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"మరి ఇంతకుముందు ఎప్పుడూ ఇలా ఒప్పుకోలేదా?"

"లేదండి," అన్నాడు పొడుగువాడు. "ఇదివరకు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళమండి. ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలిసేదండి."

"ఓహో. అయితే మీ తాతల కాలంలో వాళ్ళు ఒకే బెంచీ మీద కూర్చోలేదన్నమాట."

"ఊరికో ఇల్లు కదండీ," అన్నాడు అద్దకం ఇంటివాడు నెమ్మదిగా. "ఎవడెంతకి ఒప్పుకున్నాడో పక్క ఊరివాడికెలా తెలుస్తుందండి?"

ఇన్‌స్పెక్టరు గారు మాస్టారి వైపు తిరిగారు.

"ఈ ముక్క పుస్తకంలో ఉందా?"

"లేదండి," అన్నారు మాస్టారు. ఆయన కళ్ళు వెలిగిపోతున్నాయి. "నాకూ ఇప్పుడే తెలిసిందండి. ఇన్నాళ్ళూ వీళ్ళని ఒక్కచోట కూర్చోబెట్టి ఓడిపోమంటే ఎలా ఓడిపోతారు!"

"తర్వాత ఏమయింది? ఎవరైనా చెప్పండి," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. తరగతి మొత్తం చేతులెత్తింది. ఫ్రెంచివాళ్ళే లేచి తాము బందరు ఎలా వదిలిపోయారో చెప్పారు. డచ్చివాళ్ళు తమ వంతు చెప్పారు. ఓడ మునిగిందని ఒక్కరూ అనలేదు.

ఇన్‌స్పెక్టరు గారు గుమ్మం వైపు చూసి, "దీన్ని మాత్రం ఆపకండి సార్" అన్నారు.

హెడ్మాస్టరు గారు లోపలికి ఒక అడుగు వేశారు. "ఎత్తుల ప్రకారం కూర్చోబెట్టింది నేనేనండి," అన్నారు.

"నిజమేనండి," అన్నారు మా మాస్టారు, మనస్ఫూర్తిగా. "మీరు లేకపోతే మేమింకా గెలుస్తూనే ఉండేవాళ్ళం."

గంట కొట్టింది. అయినా పెడన వాళ్ళు కదలరు. ఇంకొక్కసారి ఆడదామండీ, ఇప్పుడు మాకు తెలిసింది కదండీ అని ముగ్గురూ పట్టుబట్టారు. ఇన్‌స్పెక్టరు గారు గొడుగు కుర్చీకి తగిలించి, ఒకప్పుడు తమ ఇంట్లోనూ ఎడ్లబేరాలుండేవని చెప్పి, కోటు విప్పి చొక్కా చెయ్యి పైకి మడిచారు. "నేను అమ్మేవాణ్ణి. రావయ్యా దొరా."

తువ్వాలు పడింది. ఇన్‌స్పెక్టరు గారి భుజం ఒకసారి ఎగిరింది. గుడివాడ కుర్రాడు పెదవి కొరుక్కున్నాడు. తరగతంతా బల్లల మీదికెక్కింది, ఎవరూ దిగమనలేదు. హెడ్మాస్టరు గారు జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి, తువ్వాలు మీదికి వంగి నిలబడ్డారు.

పక్కనుంచి లెక్కల మాస్టారు చాక్‌పీసు, డస్టరు పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగారు. "ఏమండీ, ఇది నా పీరియడండీ!"

హెడ్మాస్టరు గారు తల తిప్పకుండానే చెయ్యెత్తి ఆపారు.

"ఉండవయ్యా బాబూ, ఇంకా బేరం తెగలేదు."